మా ఉదకమండలం ప్రయాణం

చలికాలంలో చలి ఊరికి పోవడమేమిటని మా మత్తిగిరిలో నలుగురూ నవ్వారు. వారు నవ్వడంలో తప్పు లేదు. మా హోసూరు సీమ సముద్రమట్టానికి దాదాపు మూడువేల అడుగుల ఎత్తున ఉన్నది. ఈ చల్లదనం చూచే దొరల కాలంలో హోసూరుకు 'లిటిల్ ఇంగ్లాండు' అనే పేరు వచ్చింది. మా ఊరి పశుక్షేత్రం కూడా 1824లో సైన్యపు గుర్రాల కోసం మొదలైనదే. మార్గశిరమాసం వచ్చిందంటే ఇక్కడే తెల్లవారుజామున పెదవులు పగులుతవి. ఇక ఊటీ ఎందుకు?

ఎందుకో చెప్పాలంటే ముందు మా ఇంటి సంగతి చెప్పాలి. మేము అన్నదమ్ములం ఇద్దరం. పెద్దవాళ్ళమైన మాది కంపెనీ ఉద్యోగం. తమ్ముడిది సేద్యం. నాయన పోయిన తరువాత కూడా ఒకే పొయ్యి మీద వండుకున్నాము. హోసూరు చుట్టూ పరిశ్రమలు పెరిగి, నేల వెల పెరిగి, చేలు ఇంటిస్థలాలు అవుతున్న రోజులివి. తమ్ముడు గులాబీ తోట పెట్టుకున్న బావిచేనులో సగం అమ్మి పిల్లల చదువులకు పెట్టుకుందామని మేము అన్నాము. తోట పోతే నా బతుకేమని వాడు అన్నాడు. పోట్లాట జరగలేదు గాని మాటలు తగ్గిపోయినవి. సంక్రాంతి దాటగానే వేరుపడాలని పెద్దల ముందు మాట అయింది.

అప్పుడు అమ్మ అన్నది: "పొయ్యి రెండు చేసుకోండి, నేనేమీ వద్దనను. దానికి ముందు అందరం ఒక్కసారి ఒక తావుకు పోయి వద్దాం. మీ నాయన నాకు ఊటీ చూపిస్తానన్నాడు. చూపించకనే పోయినాడు."

ఆ మాటకు ఎవరం ఏమి చెప్పగలం? క్రిస్మసుకు, కొత్త సంవత్సరానికి పూలకు గిరాకీ ఉండే రోజులు. అయినా తమ్ముడు తోటను మరొకరికి అప్పగించి బయలుదేరాడు. పెద్దలం అయిదుగురం, పిల్లలు ముగ్గురు. అనపకాయల కాలం గనుక ఆడవాళ్ళు అనపగింజల గుగ్గిళ్ళు, రాగిరొట్టెలు మూటకట్టారు.

హోసూరులో రైలెక్కి ధర్మపురి, సేలం, ఈరోడు మీదుగా కోయంబత్తూరు చేరి, రాత్రికి మేట్టుపాళయంలో బస చేశాము. ఉదయమే కొండరైలు. వానల కాలంలో కొండచరియలు విరిగిపడి ఈ దారి మూతపడుతూ ఉంటుంది. మేము వెళ్ళిన నాడు ఏ ఆటంకమూ లేకపోయింది.

ఈ రైలు కూనూరు దాకా 1899లోను, ఊటీ దాకా 1908లోను వచ్చింది. నలభైయారు కిలోమీటర్ల దారిలో 208 మలుపులు, 16 సొరంగాలు, 250 వంతెనలు ఉన్నవని లెక్క. కల్లారు దాటిన తరువాత పట్టాల నడుమ పళ్ళ కమ్మీ ఒకటి మొదలవుతుంది. ఇంజను కింది పళ్ళచక్రం ఆ పళ్ళను పట్టుకుని ఒక్కొక్క మెట్టే ఎక్కుతుంది. దీన్ని కనిపెట్టిన ఆబ్ట్ అనే ఇంజనీరు స్విట్జర్లాండువాడు. ఆల్ప్స్ కొండల్లో మంచు ఊళ్ళకు క్రిస్మసు ముందు పోయే కుటుంబాలు ఇటువంటి పళ్ళరైళ్ళే ఎక్కుతారు. యునెస్కో వారు 2005లో దీన్ని ప్రపంచ వారసత్వంగా గుర్తించారు.

ఇంజను ముందు లేదేమని పిల్లలు గాభరాపడ్డారు. ఎక్కేటప్పుడు ఆవిరి ఇంజను పెట్టెలకు వెనుక ఉండి నెడుతుంది. పెట్టెలు జారకుండా కాచేదీ అదే. ఇది విని అమ్మ, "లాగేవాడు కళ్ళకు కనపడతాడు, నెట్టేవాడు కనపడడు" అని కిటికీలోనుంచి లోయ చూస్తూ కూర్చున్నది. ఎవరినుద్దేశించి అన్నదో ఆమెకే తెలియాలి. ఆ మాట మాకు మాత్రం తగిలింది. మేము కంపెనీ బస్సెక్కి వెళ్ళిన ఇన్నేళ్ళూ ఇంటికి గింజ, పాలు తెచ్చినవాడు తమ్ముడే.

ఊటీ ఏడువేల అడుగులకు పైన ఉన్నది. కోయంబత్తూరు కలెక్టరు జాన్ సల్లివాన్ 1819లో ఈ కొండ మీదికి వచ్చి, తరువాత ఇల్లు కట్టించి, చెరువు ఏర్పరచి, ఊరికి రూపం తెచ్చాడు. 1829లో పునాది వేసిన సెయింట్ స్టీఫెన్స్ చర్చిలోని పెద్ద దూలాలు టిప్పుసుల్తాను శ్రీరంగపట్నపు మహలు నుంచి తెచ్చినవి. ఆ కలప కొండ ఎక్కడానికి ఎంతమంది భుజాలు కాయలు కాచాయో! పండుగ దగ్గర పడినందున బజారులో కాగితపు నక్షత్రాలు వేలాడుతున్నవి. పిల్లలు చాక్లెట్ల దుకాణం కదలనివ్వలేదు. చర్చి వెనుక శ్మశానంలో సల్లివాను భార్య, కూతురు ఉన్నారు. అతడు ఇంగ్లండు తిరిగిపోయాడు, వారు ఇక్కడే ఉండిపోయారు. అమ్మ ఆ సంగతి విని అక్కడే కొంతసేపు నిలబడింది.

మరునాడు 1848లో మొదలైన ఉద్యానవనం చూచాము. పై గట్టున తోడాల నివాసం ఒకటి ఉన్నది. తెల్లని దుప్పటి మీద ఎరుపు, నలుపు దారాల అల్లిక కప్పుకున్న ఒక తోడా అవ్వ ఎండలో కూర్చుని ఉన్నది. ఎనుములే వారి ఐశ్వర్యం, ఎనుములే వారి దైవకార్యం. మత్తిగిరి మనిషి ఎనుమును చూచి ఊరుకోదు గదా! అమ్మ వచ్చీరాని తమిళంలో పాల లెక్క అడిగింది. ఆమె చేతివేళ్ళతో చెప్పింది. ఇద్దరూ నవ్వుకున్నారు.

1995లో పెట్టిన గులాబీవనంలో తమ్ముడు మాత్రం మాటలు మరిచాడు. మా హోసూరు తోటల్లో పండే ఎర్ర తాజ్ మహల్ గులాబీ తప్ప మాకు మరో రకం పేరు తెలియదు. వాడు ఒక్కొక్క మొక్క దగ్గర ఆగి ఆకు తిప్పి చూచి, కొమ్మ ఎక్కడ కత్తిరించారో పిల్లలకు చూపించాడు. తరగతిలో ఉపాధ్యాయుని వలె ఉన్నాడు. వాడికి ఇంత విద్య తెలుసునని అంతవరకు మేము గమనించనే లేదు.

ఆ రాత్రి చలి చెప్పతరం కాదు. బస వరండాలో కాపలా మనిషి బొగ్గుల కుంపటి రాజేశాడు. దాన్ని గదిలో పెట్టమని అమ్మ అడిగితే, మూసిన గదిలో బొగ్గుపొగ ప్రాణం తీస్తుందని అతడు ఒప్పుకోలేదు. పాఠకులు కూడా ఈ సంగతి గుర్తుంచుకోవాలి. రెండు గదులు తీసుకున్నాము గాని, కంబళ్ళన్నీ ఒకే గదిలో పరిచి ఎనిమిదిమందిమీ వరుసగా పడుకున్నాము. చిన్నప్పుడు నాయన పక్కన పడుకున్నట్టే ఉన్నది.

తెల్లవారకముందే తమ్ముడు లేపాడు. "అన్నా, అవ్వను కూడా తీసుకొని రండి" అని పిల్లలను తరిమాడు. బయట పల్లపు మైదానమంతా తెల్లగా ఉన్నది. ఆకాశంలో మబ్బు లేక, గాలి ఆడక ఉన్న రాత్రి నేలలోని వేడి పైకి పోయి గడ్డి మీది తేమ గడ్డకడుతుంది. ఇది ఆల్ప్స్‌లో కురిసే మంచు కాదు, పొడి మంచు. ఎండ తగిలితే పోతుంది. చూడ్డానికి ఇంపే గాని తేయాకు చిగురును మాడుస్తుంది. అమ్మ వంగి వేళ్ళతో తాకి, "ఉప్పు చల్లినట్లుందిరా, ఇంత సలా!" అన్నది. తరువాత కొంగుతో కళ్ళు తుడుచుకున్నది. తమ్ముడు ఆమె భుజాల మీద తన కంబళి కప్పి, తాను వణుకుతూ నిలబడ్డాడు.

అక్కడే చెప్పేశాము. బావిచేను ముక్కలు చేయవద్దు, అది వాడిదే. మాకు రోడ్డు పక్క మెట్టచేను చాలు. వాడు వెంటనే జవాబు చెప్పలేదు. కొంతసేపటికి, "మెట్టచేనుకు నీళ్ళు బావిలోనుంచే పోవాల గదన్నా, పైపు నేను వేయిస్తా" అన్నాడు. అమ్మ ఏమీ విననట్టు పిల్లలతో నడిచి పోయింది.

సంక్రాంతి తరువాత మా ఇంట రెండు పొయ్యిలు వెలిగినవి. అనుకున్నదే జరిగింది. అయినా సాయంత్రం పిల్లలు ఏ ఇంట ఆకలైతే ఆ ఇంట తింటున్నారు. అమ్మ రెండు ఇళ్ళ నడుమ అరుగు మీద కూర్చుని ఊటీ ఎనుముల సంగతి వచ్చినవారికల్లా చెబుతున్నది.

వెళ్ళదలచినవారు పండుగ వారం రద్దీకి ముందుగానే పోవాలి. కొండరైలు టికెట్లు ముందుగా తీసుకోవాలి. పెద్దవారికి చెవులు కప్పే ఉన్నిటోపీ మరువరాదు. ఇంట్లో ఏదైనా మాట మిగిలి ఉంటే దాన్ని కూడా వెంట తీసుకొని పోవచ్చును.