ప్లాస్టరు, అట్టముక్క, నాలా నీళ్లు

నెలలు నిండని పిల్లల వార్డులో ఏళ్ల తరబడి పనిచేసి రిటైరైన సిస్టరొకరు వెలిమెలలో ఉంటారని, ఆవిడ్ని కలిసి రమ్మని ఎడిటర్ పంపారు. నేను రాసుకెళ్లిన ప్రశ్నలు ఆవిడ పట్టించుకోలేదు. ప్లాస్టరు ముక్కొకటి కత్తిరించి నా ముంజేతికి అంటించారు. తడి దూదితో అంచు నానబెట్టి, పక్కనున్న చర్మాన్ని వేలితో అదిమిపట్టి, ప్లాస్టరును పైకి లేపకుండా వెనక్కి మడుస్తూ ఒలిచారు. ఒక్క వెంట్రుక ఊడలేదు.

"గుంజితే తోలు దాంతోనే వస్తది తమ్మీ. ఫంగస్ గక్కన్నే చేరుతది."

28 వారాల్లోపు పుట్టిన బిడ్డకు చర్మం పైపొర ఇంకా సరిగా ఏర్పడదు. కిలో బరువైనా లేని అలాంటి బిడ్డకు తొలి రెండు వారాల్లో చర్మం ఒరుసుకుపోయి పెచ్చు కడితే తేలిగ్గా తీసుకోకూడదు. కాండిడా అనే ఫంగస్ అక్కణ్నుంచే రక్తంలోకి దిగగలదు.

ఆవిడ కోపమంతా సెలైన్ సూది కదలకుండా చేతికి కట్టే అట్టముక్కల మీద. తడిసినా మార్చరంటారు. ఆ కోపం సబబే. గొంతు చూసేందుకు వాడే చెక్క పుల్లలను ఇలాగే పిల్లల చేతులకు కట్టడంతో రైజోపస్ అనే బూజు సోకిందని ఇంగ్లండు వైద్యులు 1996లో లాన్సెట్ పత్రికలో రాశారు.

"ఒక్క సిస్టర్‌కు అంతమంది పిల్లల్నిస్తే చేతులెప్పుడు కడుక్కోవాలె?" అన్నారావిడ. ఎన్ని మందులున్నా ఈ ప్రశ్నను దాటలేం.

మందు సంగతీ చెప్పాలి. ఇలాంటి పిల్లలకు ఫంగస్ సోకకుండా ముందుగానే ఇచ్చేది ఫ్లుకోనజోల్. కిలోకు 3 మిల్లీగ్రాముల లెక్కన 800 గ్రాముల బిడ్డకు ఒక మోతాదు 2.4 మిల్లీగ్రాములు. హైదరాబాద్ పరిసరాల్లో మందుల ఫ్యాక్టరీల దగ్గరి నీటిని పరీక్షించిన పరిశోధకులు, ఒకచోట లీటరుకు సుమారు 237 మిల్లీగ్రాముల ఫ్లుకోనజోల్ ఉందని 2017లో ప్రచురించారు. లీటరు మురుగునీటిలో వంద మోతాదులకు దగ్గర! మందుకు లొంగని ఫంగస్‌ను మన నాలాల్లో మనమే పెంచుకుంటున్నాం. మందుల ఫ్యాక్టరీలున్న పటాన్‌చెరు పక్కనే బతికే మనకు ఇది ఎక్కడిదో వార్త కాదు.

ఫ్యాక్టరీ వ్యర్థజలాల్లో యాంటీబయాటిక్ అవశేషాలకు కేంద్రం 2020 జనవరిలో ముసాయిదా హద్దులు ప్రకటించి, 2021 తుది నోటిఫికేషన్‌లో తీసేసింది. ఆ హద్దులు తిరిగి రావాలి, ఫంగస్ మందులకూ వర్తించాలి. వార్డుల్లో సిస్టర్ల సంఖ్య పెరగాలి.