కత్తెర మిగిల్చిన ఉరితాడు

అరవైల ‘డాక్టర్ హూ’ టీవీ సీరియల్ టేపులు చాలావాటిని బీబీసీ తనే చెరిపేసింది. 1746 కల్లోడెన్ యుద్ధం నేపథ్యంగా అందులో వచ్చిన కథ ‘ద హైలాండర్స్’ నాలుగు భాగాలూ అలాగే పోయాయి. ఆస్ట్రేలియా సెన్సారు మాత్రం తమ దేశానికి వచ్చిన కాపీలో ఉరితీయబోయే దృశ్యం హింసాత్మకంగా ఉందని కత్తిరించి, ఆ ముక్కల్ని భద్రంగా దాచింది. 1996లో అవి అక్కడి జాతీయ ఆర్కైవ్స్‌లో బయటపడ్డాయి. చూడొద్దన్నదే చూడ్డానికి మిగిలిందన్నమాట! నవ్వాలో ఏడవాలో తెలీదు.

1572 పారిస్ ఊచకోత మీద తీసిన మరో ‘డాక్టర్ హూ’ కథ ‘ద మాసకర్’ గతి మరీ ఘోరం. కదిలే బొమ్మ ఒక్కటీ లేదు. అభిమానులు ఇంట్లో టీవీ ముందు కూర్చుని రికార్డు చేసుకున్న శబ్దమే దిక్కు. సెన్సారును తిట్టిపోయడం నాకూ అలవాటే. ఈ కేసులో మాత్రం నేరం టేపులు చెరిపేసిన బీబీసీ పొదుపు మీదే మోపుతాను.