జమైకా తీరాన ఏడు రోజులు

మా పెళ్లయి నలభై ఏళ్లు నిండినందుకు మా అమ్మాయి, అల్లుడు 2024 ఫిబ్రవరిలో మమ్మల్నిద్దరినీ జమైకా దీవికి పంపించారు. అప్పటికి నాలుగు నెలలుగా న్యూజెర్సీలో వాళ్ల ఇంట్లోనే ఉంటున్నాము. “పెళ్లిళ్లకు, సభలకు, ఆసుపత్రులకు తప్ప మీరిద్దరూ కలిసి ఎక్కడికైనా వెళ్లారా నాన్నా?” అని అమ్మాయి అడిగితే జవాబు చెప్పలేకపోయాము. బడి పంతులు ఉద్యోగం, రెండెకరాల మాగాణి, ముగ్గురు పిల్లల చదువులు. వీటి మధ్య విహారయాత్ర అనే మాట మా ఇంట్లో ఎన్నడూ వినబడలేదు.

తిరిగి వచ్చాక ఆ విశేషాలు మన పత్రికకు రాయమని మా పాస్టరుగారు చాలాసార్లు అడిగారు. సంఘ పత్రికలో విహారం సంగతులేమి రాస్తామని ఊరుకున్నాము. 2025 అక్టోబరులో ఆ దీవి నుండి వచ్చిన వార్త విన్నాక రాయాలనిపించింది. అందుకే ఈ నాలుగు మాటలు.

జమైకా కరీబియన్ సముద్రంలో, క్యూబాకు దక్షిణంగా ఉన్న దీవి. వైశాల్యంలో మన పాత గుంటూరు జిల్లా అంత ఉంటుంది. జనాభా సుమారు 28 లక్షలు. 1655 నుండి 1962 వరకు ఇంగ్లీషువారి ఏలుబడిలో ఉంది. ఇప్పటికీ అధికార భాష ఇంగ్లీషే గాని, తమలో తాము మాట్లాడుకునేది పాట్వా అనే యాస. అది మాకు ఒక్క ముక్క అర్థం కాలేదు.

నెవార్క్‌లో విమానం ఎక్కినప్పుడు బయట మంచు. నాలుగు గంటల తరువాత మాంటెగో బే అనే ఊళ్లో దిగితే మన వేసవి ఎండ. అక్కడి నుండి అరగంట ప్రయాణం చేసి, సముద్రపు ఒడ్డున ఎత్తయిన గోడల మధ్య ఉన్న విడిదికి చేరాము. పేర్లు రాసుకున్న అమ్మాయి మా ఇద్దరి ముంజేతులకూ ఒక్కొక్క ప్లాస్టిక్ పట్టీ బిగించింది. “ఈ పట్టీ ఉన్నంతసేపు మీరు పర్సు తీయనక్కరలేదు” అని చెప్పింది. భోజనం, పలహారం, పానీయాలు, పడవ షికారు అన్నీ ముందే కట్టిన డబ్బులోనే. ఎన్నిసార్లయినా, ఎంతయినా తినవచ్చు. ఇటువంటి పద్ధతిని 1950లో ఐరోపాలో క్లబ్ మెడ్ అనే సంస్థ మొదలుపెట్టింది. జమైకాలో 1981లో మాంటెగో బేలోనే సాండల్స్ అనే సంస్థ మొదటి హోటల్ తెరిచింది. ఇప్పుడు ఆ ఉత్తర తీరం పొడవునా ఇటువంటి విడుదులే.

మాది దివిసీమ. సముద్రం మాకు కొత్త కాదు. అయితే మేమెరిగిన సముద్రం వేరు. అక్కడ ఒడ్డుకు కొంత దూరాన పగడపు దిబ్బలు కోటగోడలాగా అలలను ఆపుతాయి. లోపలి నీళ్లు చెరువులాగా నిమ్మళంగా, నెమలికంఠం రంగులో ఉంటాయి. ఇసుక తెల్లగా పంచదారలా ఉంటుంది. పగడాలు, గవ్వలు నలిగి ఆ ఇసుక అవుతుంది. చిలుకముక్కు వంటి నోరుగల చేపలు పగడాన్ని కొరికి, కడుపులో పొడిచేసి ఇసుకగా విడుస్తాయట. సృష్టికర్త చేపలచేత కూడా తిరగలి తిప్పిస్తున్నాడని మా ఇంటావిడ ఆశ్చర్యపోయింది.

మొదటి ఉదయం పలహారాల దగ్గర ఆమెకు ఒక చుట్టం కనబడింది. కలలూ అని బోర్డు పెట్టిన పళ్లెంలో ఉడికించిన ఆకుకూర. నోట్లో పెట్టుకుని, “ఏమండీ, ఇది మన తోటకూర!” అంది. నిజమే, జమైకావారి కలలూ మన తోటకూర జాతిదే. ఆ పక్కన సీమపనస కాల్చిన ముక్కలు. బానిసలకు చవకైన తిండి కోసం 1793లో కెప్టెన్ బ్లై అనే నావికుడు పసిఫిక్ దీవుల నుండి సీమపనస మొక్కలు ఓడలో తెచ్చాడు. ఆకీ అనే పండు కూర కోడిగుడ్డు పొరటులా ఉంటుంది. కాయ చెట్టుమీద తనంతట తాను విచ్చుకోకముందే కోస్తే అది విషం. విచ్చుకున్నాక వండితే జాతీయ వంటకం. మధ్యాహ్నం మేకమాంసం కూర. దానిని వాళ్లు కర్రీ గోట్ అంటారు. ఆ మసాలా అక్కడికెలా వచ్చిందో తరువాత చెబుతాము.

ఇక్కడ మా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. ఉచితమనగానే ఇద్దరమూ పళ్లేలు నింపుకున్నాము. సగం తినలేకపోయాము. కుర్రవాడు వచ్చి పళ్లేలు తీసుకెళ్లి, మిగిలినదంతా చెత్త డబ్బాలోకి తోసేశాడు. మా ఇంటావిడ ముఖం మాడిపోయింది. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచినప్పుడు ఆమెకు పదిహేనేళ్లు. తరువాత మూడు వారాలు గంజి కోసం వరుసలో నిలబడింది. ఐదు రొట్టెలతో అయిదు వేలమందికి పెట్టిన ప్రభువే, మిగిలిన ముక్కలు ఎత్తించి గంపల్లో పెట్టించాడు కదా! ఆ రాత్రి నుండి ఇద్దరికీ ఒకటే పళ్లెం పెట్టుకుని, కావలసినంతే వడ్డించుకున్నాము.

మా గది సర్దడానికి ఒకామె రోజూ వచ్చేది. నలభై ఐదేళ్లుంటాయి. పెద్దవాళ్లని మా ఇంటావిడను “మమ్మీ” అని పిలిచేది. తువ్వాలును హంసలా మడిచి పక్కమీద పెట్టేది. మా ఇంటావిడకు ఊరుకోబుద్ధి కాక, రెండో రోజు ఆమె వచ్చేసరికే పక్క సర్ది, నేల తుడిచి ఉంచింది. ఆమె నవ్వి, భుజం పట్టి కుర్చీలో కూర్చోబెట్టింది. “మమ్మీ, ఇది నా పని. మీరు కూర్చోండి” అంది. మా ఇంటావిడ కూర్చుని ఆమె దుప్పటి పరుస్తుంటే చూస్తూ ఉంది. ఆమె వెళ్లాక మెల్లగా అన్నది: “నలభై ఏళ్లలో ఇంకొకరు పరిచిన పక్కమీద పడుకోవడం ఆసుపత్రిలో తప్ప ఇదే మొదలు.” ఫిర్యాదుగా అనలేదు. వాన పడిందని చెప్పినట్లు చెప్పింది. మేము వార్తాపత్రిక తిరగేస్తున్నట్లు నటించాము.

పల్లెటూరి అలవాటు కొద్దీ మాకు నాలుగు గంటలకే మెలకువ వచ్చేది. మూడో రోజు చీకట్లో ఒడ్డుకు వెళితే, పదిమంది మగవాళ్లు పలుగుచేతులతో నాచు పోగుచేసి బండ్లకెత్తుతున్నారు. సర్గాసం అనే ఆ నాచు 2011 నుండి కరీబియన్ తీరాలకు గుట్టలుగా కొట్టుకొస్తోంది. కుళ్లితే కంపు. తెల్లవారి అతిథులు వచ్చేసరికి ఇసుక అద్దంలా ఉంటుంది. రెండు రోజులుగా “ఎంత శుభ్రమైన సముద్రమో” అనుకుంటూ వచ్చాము. సముద్రం కాదు, శుభ్రం చేసింది వీళ్లు.

ఆ రోజే ఇంకొకటి చూశాము. ఒడ్డున ఒక తాడు కట్టి ఉంది. తాడుకు అవతల ఒక చేపలవాడు తన చిన్న కొడుకుతో నిలబడ్డాడు. పిల్లవాడు తాడు కిందుగా దూరి మావైపు నీళ్లలోకి పరుగెత్తాడు. కాపలాదారు వచ్చి, కసరకుండానే, చేయి పట్టి అవతల దిగబెట్టాడు. పిల్లవాడి చేతికి పట్టీ లేదు. 1956 నాటి చట్టం ప్రకారం అక్కడి సముద్రపు ఒడ్డు ప్రభుత్వానిది. ప్రజలకు స్నానం చేసే సాధారణ హక్కు ఏదీ చట్టంలో లేదు. ఒడ్డు మాకూ కావాలని అక్కడి ప్రజలు అడుగుతూనే ఉన్నారు. మన హంసలదీవిలో కార్తీకమాసంలో ఎవరైనా వచ్చి మునగవచ్చు. మాకు ఆ చట్టం మింగుడుపడలేదు. అయినా తాడుకు ఇవతలివైపు ఉన్నది మేమే కదా.

ఆదివారం విడిది భోజనం మానుకుని, టాక్సీలో మాంటెగో బే పట్టణంలోని బర్చెల్ బాప్టిస్టు చర్చికి వెళ్లాము. స్త్రీలందరూ టోపీలు, పురుషులు కోట్లు. కొత్తవారిని నిలబడమన్నారు. ఇండియా అనగానే చప్పట్లు కొట్టారు. ఆరాధన అయ్యాక ఒక పెద్దాయన మమ్మల్ని నాలుగడుగుల దూరంలోని సామ్ షార్ప్ కూడలికి తీసుకెళ్లాడు. అక్కడ బైబిలు పట్టుకుని మాట్లాడుతున్న మనిషి, చుట్టూ వింటున్న నలుగురు, కంచు విగ్రహాలు.

సామ్ షార్ప్ ఒక బానిస. ఆ సంఘంలోనే డీకన్. చదువు వచ్చినవాడు. దేవుడు మనుషులందరినీ స్వతంత్రులుగా చేశాడని బైబిల్లో చదివి తోటివారికి బోధించాడు. 1831 క్రిస్మస్ తరువాత, చెరకు పండి కోతకు సిద్ధంగా ఉన్న వేళ, కూలి ఇస్తేనే కత్తి పడతామని కూర్చోవాలని నిర్ణయించారు. ఆయన కోరింది శాంతియుతమైన సమ్మె. కాని డిసెంబరు 27 రాత్రి ఒక ఎస్టేటు తగలబడింది, మంటలు పడమటి జిల్లాలంతా పాకాయి. సుమారు 60 వేలమంది బానిసలు లేచారు. సైన్యం అణచివేసింది. మూడు వందలకు పైగా మందికి మరణశిక్ష వేశారు. 1832 మే 23న సామ్ షార్ప్‌ను ఆ ఊళ్లోనే ఉరితీశారు. మరుసటి సంవత్సరమే బ్రిటిషు పార్లమెంటు బానిసత్వ నిర్మూలన చట్టం చేసింది. 1838 ఆగస్టు 1 నాటికి అందరికీ పూర్తి విడుదల దొరికింది. ఆయన ఎముకలను తరువాత తెచ్చి, తాను సేవచేసిన ఆ చర్చిలోనే పాతిపెట్టారు.

బానిసలు విడుదలయ్యాక తోటల యజమానులు చవకగా పనిచేసేవారి కోసం మన దేశం వైపు చూశారు. 1845 మే 10న మొదటి ఓడ ఓల్డ్ హార్బర్ బే రేవుకు చేరింది. 1917 వరకు సుమారు 36 వేలమంది భారతీయులు కూలి ఒప్పందాల మీద అక్కడికి వెళ్లారు. ఎక్కువమంది ఉత్తరప్రదేశ్, బీహారు ప్రాంతాలవారు, కొందరు మద్రాసు వైపువారు. మేకకూర మసాలా వాళ్ల మూటల్లోనే వెళ్లింది.

కూడలి నుండి నడిచి వస్తుంటే మా ఇంటావిడ, “కూలి లేకుండా ఎన్నాళ్లని చేస్తారు, పాపం” అంది. నాలుగడుగులు వేశాక నవ్వుతూ, “ఏమండీ, మన ఇంట్లో నా కూలి లెక్క ఎవరి దగ్గరుంది?” అంది.

బానిసల బాధతో గృహిణి పనిని పోల్చడం తగదు. ఆమె కూడా పోల్చలేదు. హాస్యానికే అన్నది. కాని ఆ రాత్రి మాకు నిద్రపట్టలేదు. లెక్కల మాష్టారుగా పనిచేసినవాళ్లం, మనసులో లెక్క వేశాము. నలభై ఏళ్లు, రోజుకు మూడు పూటలు. 43,800 పూటలు. అందులో ఎన్నిసార్లు ఆమె వేడిగా తిన్నది? ఎన్నిసార్లు ఆమె పళ్లెం ఇంకొకరు తీశారు? సంఘంలో తగ్గింపు గురించి ఎన్ని వర్తమానాలు చెప్పామో గుర్తుంది గాని, ఒక్కసారైనా ఆమెకు వడ్డించినట్లు గుర్తు రాలేదు. ప్రభువు పళ్లెంలో నీళ్లు పోసి శిష్యుల పాదాలు కడిగాడని పిల్లలకు ఆదివారపు బడిలో నేర్పించింది కూడా మేమే.

మరునాడు విమానం. గది సర్దే ఆమె తన ఫోను నంబరు ఒక కాగితం మీద రాసిచ్చింది. ఆమె ఇల్లు కొండమీది పల్లెలో. తెల్లవారుజామున బస్సు పట్టుకుంటుంది. పిల్లలను తల్లి దగ్గర వదిలి వస్తుంది. కాపలాదారు చిన్న కత్తెరతో మా పట్టీలు కత్తిరించాడు.

ఇంటికి వచ్చాక ఉదయం కాఫీ మేమే పెడుతున్నాము. మొదటి వారం అది కషాయంలా ఉందని ఆమె మాట. ఇప్పుడు ఫరవాలేదంటోంది. రాత్రి భోజనానికి ఆమె ముందు కూర్చుంటుంది, మేము వడ్డిస్తాము. పొరుగువాళ్లు నవ్వారు. ఆమె కూడా కొన్నాళ్లు సిగ్గుపడింది. ఇప్పుడు “ఇంకొంచెం చారు” అని అడుగుతోంది. ఆ మాట వినడానికి నలభై ఏళ్లు పట్టింది.

2025 అక్టోబరు 28న మెలిస్సా అనే తుఫాను, అయిదవ శ్రేణి బలంతో, గంటకు దాదాపు 295 కిలోమీటర్ల గాలితో జమైకా పడమటి భాగాన్ని కొట్టింది. టీవీలో ఎగిరిపోయిన పైకప్పులు చూసి మా ఇంటావిడ 1977లోకి వెళ్లిపోయింది. రెండు రోజులు సరిగా అన్నం తినలేదు. ఆ కాగితం వెతికి, అమ్మాయిచేత రోజూ కబురు పెట్టించింది. మూడు వారాలు జవాబు లేదు. ఆ మూడు వారాలూ కుటుంబ ప్రార్థనలో ఆ ఇంటిని పేరుపేరునా తలచుకున్నాము. తరువాత ఒక రోజు జవాబు వచ్చింది. పైకప్పు పోయింది, అందరూ బ్రతికే ఉన్నారు.

పట్టుచీర కోసం దాచిన డబ్బు ఆమె తీసి అమ్మాయి ద్వారా పంపింది. “ఏడు రోజుల పరిచయమే కదా” అని మేము అనబోయాము. “ఉప్పెనప్పుడు నాకు గంజి పోసినవాళ్లు నా పేరు కూడా అడగలేదండీ” అంది.

ఈ మాటలు రాసి ముగించేసరికి పొద్దుగుంకింది. పొయ్యిమీద అన్నం ఉడుకుతోంది. లేచి దింపాలి. ఈ పూట వంతు మాది.