ఊపిరి నిలిచాక ఎముక సంగతి

దక్షిణ బస్తర్‌లో కోంటా-దోర్నపాల్ రోడ్డు మీది ఎర్రబోరు పేరు చెబితే గుర్తొచ్చేది 2006 జులై 17 రాత్రి. అక్కడి సల్వాజుడుం శిబిరంపై మావోయిస్టులు చేసిన దాడిలో 30 మందికి పైగా చనిపోయారు. వారిలో పిల్లలూ ఉన్నారు. రాజనీతిశాస్త్రం చదివిన నాలాంటి విలేఖరులు ఇక్కడికొచ్చేది ఆ కథ కోసమే. రాజ్యం ఎందాకా వచ్చిందో కొలవడానికి పోలీసు క్యాంపులు, రోడ్లు, పోలింగ్ శాతాలు లెక్కపెడతాం. ఈసారి ఆ కొలత ఒక డిశ్చార్జి కాగితంలో దొరికింది.

టీకొట్టు దగ్గర దాన్ని నా చేతికిచ్చింది ఒక నాయనమ్మ. ఏడో నెలలో పుట్టిన మనవడి బరువు 1,200 గ్రాములు. సరిహద్దు ఇవతల, తెలుగు నేల మీది ఒక సర్కారు ఆస్పత్రిలో వారాల తరబడి ఉంచి బతికించారు. బిడ్డ ఊపిరి మరిచిపోకుండా కెఫీన్, ఊపిరితిత్తుల్లో నీరు తగ్గడానికి ఫ్యూరోసెమైడ్ వాడారు. చివర్లో మళ్లీ తీసుకురావాల్సిన తేదీ ఉంది. అది దాటి మూడు వారాలైంది. ఆ మాటే చెప్పాను. "మళ్లీ ఎందుకు బాబూ? పిల్లాడు పాలు బాగానే తాగుతున్నాడు" అందామె.

ఎందుకంటే, బిడ్డ ఎముకలకు చేరాల్సిన కాల్షియం, ఫాస్ఫరస్‌లలో దాదాపు 80 శాతం గర్భంలో చివరి మూడు నెలల్లోనే అందుతుంది. ముందే పుట్టిన బిడ్డకు ఆ వాటా దక్కదు. పైగా ప్రాణం నిలిపే మందులే ఉన్న కాస్త నిల్వకూ గండి కొడతాయి. ఫ్యూరోసెమైడ్ కాల్షియాన్ని మూత్రంలో పోగొడుతుంది. కెఫీన్‌దీ కొంత అదే దారి. డెక్సామెథసోన్ వంటి స్టెరాయిడ్లు ఎముక పెరుగుదలను మందగింపజేస్తాయి. అలాగని వాటిని మానలేం. సుమారు 2,000 మంది పసికందులపై జరిగి, 2006, 2007లలో ఫలితాలు వెలువడిన అంతర్జాతీయ పరీక్షలో కెఫీన్ ఊపిరితిత్తులకూ మెదడుకూ మేలు చేస్తుందని తేలింది. మందు వాడుతూనే ఎముకను కనిపెట్టి ఉండాలి.

ఎక్స్‌రేలో తేడా కనబడేసరికి ఎముకలోని ఖనిజం గణనీయంగా తగ్గి ఉంటుంది. ముందుగా పట్టిచ్చేవి రక్తంలో ఫాస్ఫేట్, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ పరీక్షలు. అశ్రద్ధ చేస్తే బట్ట మార్చేటప్పుడు కూడా ఎముక విరగొచ్చు. సకాలంలో తెలిస్తే చాలామందికి తల్లిపాలతోపాటు కాల్షియం, ఫాస్ఫరస్, విటమిన్ డి సరిపోతాయి.

చిక్కల్లా వేళతోనే. ఈ జబ్బు సాధారణంగా బయటపడేది పుట్టిన 6 నుంచి 12 వారాల మధ్య. ఛత్తీస్‌గఢ్‌లో మితానిన్ అని పిలిచే ఆశా కార్యకర్త బాలింత ఇంటికి తరచుగా వెళ్లేది 42 రోజుల వరకు. అంటే సరిగ్గా 6 వారాలు. ప్రమాదం మొదలయ్యే వేళకు గడప తొక్కే మనిషి రాక తగ్గిపోతుంది. మిగిలేది కాగితం మీది తేదీ. అదీ ఇంట్లో ఎవరూ చదవలేని ఇంగ్లిషులో.

వార్డులో రాజ్యం గట్టిగానే పనిచేసింది. ఇక కావాల్సింది పెద్ద ఖర్చేమీ కాదు. కోయలోనో తెలుగులోనో నాలుగు మాటలు, మితానిన్‌కు ఒక ఫోను, ఆస్పత్రికి వెళ్లి రావడానికి బస్సు చార్జీ.