న్యూ ఫారెస్టు సర్పవాటికలో ఒక పూట

ఇంగ్లండును జయించిన నార్మను ప్రభువు విలియము 1079లో తన మృగయావినోదమునకై ప్రత్యేకించుకొన్న అరణ్యము, తొమ్మిది శతాబ్దములు గడచినను, న్యూ ఫారెస్టు అను ఆనాటి పేరుతోనే హాంప్‌షైరు మండలములో నేటికిని నిలిచియున్నది. 2005లో జాతీయోద్యానముగా ప్రకటింపబడిన ఈ అడవి నడుమనున్న లిండ్‌హర్‌స్టు అను చిన్న ఊరినుండి క్రైస్ట్‌చర్చి పోవు రహదారిని పట్టి, రోడ్డునకు అడ్డముగా తీరికతో నడచిపోవు అడవి గుఱ్ఱములకు దారి యిచ్చుచు, రెండు మైళ్ళు సాగినచో, ఓకు చెట్ల నీడలోనికి ఒక మట్టిబాట చీలును. ఆ బాట చివరనే, ఫారెస్ట్రీ ఇంగ్లండు వారి నిర్వహణలో, సరీసృప కేంద్రము కలదు.

బ్రిటను నేలపై సహజముగా జీవించు సరీసృపములు ఆరే: మూడు పాములు, మూడు బల్లిజాతి ప్రాణులు. ఆ ఆరింటిని ఒక్కచోట, పంజరములలో గాక, ఆకాశము క్రింద, హెదర్ పొదలును ఇసుకయు ఎండుమానులును గల విశాలమైన ఆవరణలలో, అవి అడవిలో ఎట్లుండునో అట్లే ఉంచి చూపు స్థలమిది. శీతకాలమంతయు ఆ జీవులు భూగర్భమున నిద్రించును గనుక అప్పుడు పోయి ప్రయోజనము లేదు. మేము మే మాసములో, ముసురు వదలి ఎండ కాచిన ఉదయమున పోయితిమి. వాన వెలిసిన పిమ్మట వచ్చు మొదటి ఎండకే పాములు వెలికి వచ్చునని అచటి ఉద్యోగి ఒకరు చెప్పిరి. అది మా పొలములలోని అనుభవమునకును సరిపోయినది.

మేమనగా నేనును, సౌతాంప్టనులో కాపురమున్న నా మిత్రుడును, దివిసీమలోని పల్లెనుండి కుమారుని చూడవచ్చిన ఆయన తల్లియును. ఆమెను నేను పిన్నిగారని పిలుతును. వరిపొలముల గట్లమీద జన్మమంతయు నడచిన ఆ వృద్ధురాలు చెప్పులు విప్పకుండ, చేతికఱ్ఱ దించకుండ, ఒక్కొక్క ఆవరణయొద్ద నిలిచి చూచిన తీరు, గ్రంథములు చదివి వచ్చిన నాకు గొప్ప పాఠమైనది.

మొదటిది ఆడరు ఉండు ఆవరణ. బ్రిటనులో విషము గల సహజసర్పము ఇదియొక్కటియే. గోడపై మోచేతులాన్చి ఎంతసేపు చూచినను మాకు ఎండిన ఫెర్న్ ఆకులును వాని నీడలును తప్ప మరేమియు కానరాలేదు. ఎండ తగిలి గాలి సోకని మూలలు వెదకుడని ఉద్యోగి చెప్పగా, ఆ మాట ననుసరించి, దుంగ యొక్క దక్షిణపు పార్శ్వమున చూపు నిలుపగా, ఆకులనుకొన్నది ఆకులు కాక, చుట్టచుట్టుకొని పరుండిన మగపామై తేలినది. కుబుసము విడిచి ఎంతో కాలము కాలేదేమో, వెండివలె తెల్లనైన దాని మేనిపై, మెడనుండి తోకవరకు, వంకరటింకరగా పోవు నల్లని పట్టె నిన్ననే సిరాతో గీచినట్లుండెను. శరీరము పొట్టి, రెండడుగులకు మించదు, నడుము బలిసినది, తలమీద ఇంగ్లీషు వి అక్షరము నుబోలు మచ్చ, కన్ను రాగివర్ణము, అందులోని పాప గుండ్రనిది గాక నిలువుచీలిక. ఆడుదాని రంగు గోధుమవన్నె. అందు పట్టె కూడ గోధుమవన్నెదే గాని మరింత ముదురు. అప్పుడప్పుడు ఒళ్ళంతయు నల్లనైనవియు పుట్టును గనుక, పట్టె లేదు కావున విషము లేదని నిశ్చయింపరాదు. కంటిపాపయే నమ్మదగిన గుర్తు, కాని దానిని చూచుటకై ముఖము దగ్గరకు చేర్చుట ఎవరికిని పనికిరాదు.

పిన్నిగారు చాలసేపు చూచి, "ఇది మన పొడపాము వంశమే నాయనా. ఆ తల, ఆ మెడ, ఆ కదలకుండా పడుకోవడం చూడు. కాలు పడేదాకా లేవదు," అనిరి. నిజమే. పొడపాము, రక్తపింజర అని మనవారు పిలుచునదియు, ఈ ఆడరును ఒకే కుటుంబమునకు చెందినవి. రెండును గ్రుడ్లు బయట పెట్టక పిల్లలను కనును. రెండును పారిపోవుటకంటె కదలకుండుటనే నమ్ముకొనును.

ఆ మాట విన్నంతనే నాకు పాట్రిక్ రస్సెల్ స్ఫురణకు వచ్చెను. ఎడింబరోలో జన్మించిన ఆ వైద్యుడు, పద్దెనిమిదవ శతాబ్ది చివరిభాగమున విశాఖపట్టణమున ఉద్యోగిగానున్న తన సోదరునితోపాటు వచ్చి, 1785లో ఈస్టిండియా కంపెనీకి ప్రకృతిశాస్త్రజ్ఞుడై, ఏది విషసర్పమో ఏది కాదో సామాన్యుడు గుర్తింపగల ఉపాయమును వెదకుటకే సంవత్సరముల తరబడి కృషి చేసెను. కోరమాండలు తీరపు పాములపై 1796లో లండనులో వెలువడిన ఆయన గ్రంథమున, పాముల చిత్రములయొద్ద, మన జాలరులును రైతులును పలికిన తెలుగు పేర్లు రోమను లిపిలో ముద్రింపబడినవి. కాటుకరేకులపొడ అను పేరుతో ఆయన వర్ణించిన పామునకే లోకము నేడు రస్సెల్ పేరు పెట్టి పిలుచుచున్నది. ఒక స్కాట్లండు వైద్యుడు తెలుగు పల్లెజనుల కన్నులతో పామును చూడ నేర్చుకొన్న రెండు శతాబ్దముల పిమ్మట, ఒక తెలుగు పల్లె స్త్రీ ఇంగ్లండులోని అడవిలో నిలిచి బ్రిటను పామును పోల్చి చెప్పుట నాకు ఎంతయో ఆనందము కలిగించెను.

అయితే రెండు దేశముల అంతరమును మరువరాదు. భారతదేశమున 2000 మొదలు 2019 వరకు పాముకాటుచే సంవత్సరమునకు సుమారు 58,000 మంది మరణించిరని పరిశోధకుల అంచనా; ఆంధ్రదేశము అధికముగా నష్టపడిన ప్రాంతములలో ఒకటి. బ్రిటనులో ఆడరు కాటుచే చివరి మరణము 1975లో స్కాట్లండున ఒక చిన్నబిడ్డకు సంభవించినది. మన పల్లెలలో భయమునకు కారణము కలదు. బ్రిటను ఇండ్ల పెరళ్ళలో అంత భయమునకు కారణము లేదు. ఈ భేదము తెలియక, పుట్టినయూరి భయమును వెంటబెట్టుకొని వచ్చి, పెరటిలో ఏది కదలినను పారతో కొట్టుట మనవారికి తగదని నా దృఢమైన అభిప్రాయము.

రెండవ ఆవరణలో నీటిగుంట, దాని యొడ్డున గడ్డిపాము. ఆలివుపచ్చని మేను, పక్కలయందు నల్లని చిన్న గీతలు, తలవెనుక పసుపుపచ్చని కంఠాభరణము, దాని వెంటనే నల్లని అంచు. ఈ పసుపు పట్టీ ఒక్కటి చూచినచో చాలును, మరి సందేహమునకు తావు లేదు. నాలుగైదడుగుల వరకు పెరుగును, బాగుగా ఈదును, కప్పలను తినును, మనుష్యునకు హాని చేయదు. పట్టుకొన్నచో దుర్గంధమైన ద్రవము చిమ్మి, అప్పటికిని విడువనిచో వెల్లకిల పడి, నోరు తెరచి, నాలుక వ్రేలాడవేసి చచ్చినట్లు నటించును. "నీరుకట్టు!" అని పిన్నిగారు చూచిన క్షణముననే అనిరి. మన నీరుకట్టును ఈ గడ్డిపామును శాస్త్రజ్ఞులు సైతము ఒకే ఉపకుటుంబమునందు చేర్చిరి. ఇంగ్లండు గడ్డిపాము ప్రత్యేకజాతి యని 2017లో నిర్ణయింపబడినది.

గృహస్థులు ఎరుగదగిన విషయము మరొకటి దీనియందే కలదు. గడ్డిపాము ఎండకాలమున గ్రుడ్లు పెట్టుటకు వెచ్చని చోటు వెదకును. చల్లని ఈ దేశమున అట్టి వెచ్చదనము కుళ్ళుచున్న ఆకుల కుప్పలయందు లభించును గనుక, పెరటిలోని కంపోస్టు కుప్పయే దానికి పురిటిల్లు. జూన్, జూలై మాసములలో పెట్టిన తోలువంటి తెల్లని గ్రుడ్లు ఆగస్టు చివరనో సెప్టెంబరులోనో పగులును. బ్రిటను పాములలో గ్రుడ్లు పెట్టునది ఇదియొక్కటియే.

మూడవ పాము, నునుపుపాము, అత్యంత విరళము. డార్సెట్, హాంప్‌షైరు, సర్రే ప్రాంతపు ఇసుక మైదానములలో తప్ప సాధారణముగా కనబడదు. బూడిదవన్నె వీపుపై వంకరపట్టె గాక విడివిడి చుక్కల వరుసలు, కంటిమీదుగా పోవు నల్లని గీత, గుండ్రని పాప. దీనిని ఆడరని భ్రమపడి చంపినవారు పూర్వమెందరో. నేడు అనుమతిపత్రము లేక దీనిని తాకుటయే నేరము.

నేను వచ్చినది ముఖ్యముగా నాలుగవదానికొరకు. గతవారము మా మిత్రుని ఇంట కంపోస్టు తొట్టి మూత తీయగా, మెఱుగు పెట్టిన కంచువలె మెరయు జానెడు జీవి ఒకటి కనబడి, పిల్లలు కేకలు వేయగా, ఇంటివారు కఱ్ఱ వెదకుచుండిరట. పిన్నిగారు వచ్చి వంగి చూచి, "ఆగండి, అది కళ్ళార్పింది. పాముకి రెప్పలుండవు," అని వారించిరట. ఆవరణలోని స్లో వర్మును చూపినప్పుడు ఆమె తల యూపి, "అదే ఇది," అనిరి. కాళ్ళు లేని బల్లి యది. మెడ వేరుగా తెలియదు. పొలుసులు అద్దమువలె నునుపు. ప్రాణభయము కలిగినప్పుడు తోక తెంచుకొని పోవును. నత్తలను, మెత్తని స్లగ్గులను తినును గనుక కూరలతోట పెంచువారికి ఇంతకు మించిన మిత్రుడు లేడు. కోపెన్‌హాగన్ జంతుశాలలో ఒకటి 54 సంవత్సరములు బ్రతికినదని ప్రసిద్ధి. ఒక మనుష్యుని ఉద్యోగజీవితముకంటె దీర్ఘమైన ఆయువు గల ప్రాణిని ఒక్క పారదెబ్బతో ముగించుట ఎంత అన్యాయము!

మిగిలిన రెండును కాళ్ళున్న బల్లులు. మామూలుది గోధుమవన్నెది, పిల్లలను కనును. ఇసుకబల్లి గ్రుడ్లు పెట్టును, వసంతమున మగదాని పక్కలు గాఢమైన ఆకుపచ్చనగును. ఇసుకబల్లుల పిల్లలను పెంచి, అవి నశించిన మైదానములలో మరల విడుచు కార్యము ఈ కేంద్రమునందు జరిగినది.

తిరుగు ప్రయాణమున బ్రాకెన్‌హర్‌స్టు గ్రామములో సెయింట్ నికొలాసు దేవాలయపు శ్మశానవాటికకు పోయితిమి. అక్కడ బ్రషర్ మిల్స్ సమాధి కలదు. 1840లో పుట్టి 1905లో మరణించిన ఇతడు, అడవిలో బొగ్గు కాల్చువారి గుడిసెవంటి దానిలో నివసించుచు, చీలిన కఱ్ఱతో పాములను పట్టి జీవించినవాడు. వేలకొలది పాములను పట్టెనని చెప్పుదురు. వానిలో కొన్ని లండను జంతుశాలలోని ప్రాణుల ఆహారమునకై పోయినవి. అతనియందలి ప్రేమతో గ్రామస్థులు వేయించిన పాలరాతి ఫలకముపై అతని గుడిసెయు, చేతిలో పాములతో అతడును చెక్కబడియున్నారు. పిన్నిగారు ఆ రాతిని చేతితో తడవి ఊరకుండిరి.

మిల్స్ జీవించిన నాటికి తరుగని సంపదవలె తోచిన ఆడరులు నేడు వేగముగా తరిగిపోవుచున్నవి. ఇదే రీతి సాగినచో 2032 నాటికి కొద్ది స్థలములందు తప్ప ఇవి మిగులవని 2019లో ప్రకటితమైన పరిశోధన హెచ్చరించినది. 1981నాటి వన్యప్రాణి చట్టమును, తరువాతి సవరణలును ఈ ఆరు జీవులలో దేనినైనను బుద్ధిపూర్వకముగా చంపుటను నేరముగా చేసినవి.

బ్రిటనులో నివసించు తెలుగు కుటుంబముల వారికి నా విన్నపము. పెరటిలో పాము కనబడినచో నాలుగడుగులు వెనుకకు జరిగి, పిల్లలను కుక్కను లోనికి పంపి, దూరమునుండియే ఫోటో తీయుడు. దారి యిచ్చినచో అది తానై పోవును. ఇంటిలోపల, వెచ్చని అలమరలో ఎఱ్ఱని మచ్చల పాము కనబడినచో అది అడవిది కాక ఎవరి ఇంటినుండియో తప్పించుకొన్న పెంపుడు పాము కావచ్చును, జంతుసంక్షేమ సంస్థయైన ఆర్.ఎస్.పి.సి.ఎ. వారికి తెలుపుడు. ఆడరు కరచినచో కట్టు బిగింపక, గాటు పెట్టక, నోటితో పీల్చక, కరచిన అవయవమును కదలనీయక, వెంటనే 999కి ఫోను చేయుడు. కంపోస్టు కుప్పను జూన్ మొదలు సెప్టెంబరు చివరివరకు కదపకుడు.