మా పెరటి వెదురు పొద

మా యిల్లు భద్రాచలమునకు దాపున, అడవి యంచున నున్నది. పెరటివెనుక వాగుగట్టున మా తాతగారు నాటిన వెదురు పొద యొకటి కలదు. చిన్నతనమున నేను దానిని చెట్టనియే తలంచుచుంటిని. వృక్షశాస్త్రము చదివిన పిమ్మటనే అది వరికిని, చెఱకునకును చుట్టమైన గడ్డిజాతి యని తెలిసినది. మొదట నవ్వితిని, కాని ఆ కణుపులను, ఒరవలె బొంగును చుట్టుకొనిన ఆకుమొదళ్ళను చూచిన పిదప నొప్పుకొనక తప్పలేదు.

మా యడవులలో రెండువిధముల వెదురు విశేషముగ పెరుగును. మొదటిది లోపల నించుమించు గట్టిగనుండు సన్నవెదురు. దీనితో కోయలు విండ్లును, రైతులు ములుకోలలును చేసికొందురు. రెండవది లావైన ముండ్లవెదురు. ఇది నిచ్చెనలకును, పందిళ్ళకును తగినది. మేదరులు బద్దలు చీల్చి తట్టలు, గంపలు, చాటలు, తడికలు అల్లుదురు. లేతమొలకలు కూర యగును. పూర్వము బొంగులను తెప్పలుగ గట్టి గోదావరిమీద రాజమహేంద్రవరమునకు దింపెడివారు. పుట్టిన బిడ్డను పరుండబెట్టు చాటయు, తుదకు మనలను మోయు పాడెయు నీ గడ్డియే.

ఇట్టి మేలుచేయు పొదకు నేనొకప్పుడు కీడు చేసితిని. ఒక వానకాలమున చిక్కుడు పందిరికి కఱ్ఱలు కావలసి కత్తి తీసికొని పోతిని. నడుమనున్న ముదురు బొంగులు చిక్కుపడి యుండెను. వెలుపలి వరుసలోని క్రొత్తవి నున్నగ, చేతి కందునట్లుండెను. వానినే ఏడింటిని నఱికితిని. కొన్ని మాసములకే పందిరి పురుగుతిని పొడి రాలెను. మరుసటి తొలకరికి పొదలో రెండు మొలకలు మాత్రమే వచ్చెను.

ఏటేట వెదురునకై వచ్చు మేదర తాత యది చూచి, "బాబూ, బిడ్డలను నఱికి ముసలివారిని నిలిపితివి. ఇఁక సంసార మెట్లు సాగును?" అనెను. ఆయన మట్టి త్రవ్వి నాకు దుంపను చూపెను. క్రొత్త మొలకలు పుట్టు కన్నులు లేతబొంగుల మొదళ్ళయందే యుండునట. కావున మూడేండ్లు దాటినవానినే, వానలు వెడలిన పిదప, నేలకు ఒకటి రెండు కణుపులపైన కోయవలెను. ఒకప్రక్క త్రోవ తీసి, గుఱ్ఱపులాడమువలె పొదను నిలిపి, నడుమనున్న ముదురు బొంగులను తీయవలెను. కోసినవానిని కొంతకాలము నీట నానవేసినచో పురుగు తగ్గును.

పని ముగించి తాత తన కథ చెప్పెను. పూర్వ మొకసారి తన పెరటి బొంగులనే సంతకు మోసికొనిపోవుచుండగా, అనుమతి పత్రము లేదని త్రోవలో నాపిరట. ఆనాటి కూలి పోయినది. 1927 నాటి భారత అటవీ చట్టము వెదురును చెట్లలో చేర్చెను. 2006 నాటి అటవీ హక్కుల చట్టము వెదురును చిన్నతరహా అటవీ ఉత్పత్తిగ నెంచి, అడవిలో తరతరములుగ నివసించువారికి దానిపై హక్కు నిచ్చెను. 2017లో జరిగిన సవరణచే 1927 నాటి చట్టములోని చెట్ల నిర్వచనమునుండి వెదురు తొలగింపబడెను. తొంబది యేండ్ల పిమ్మట గడ్డి గడ్డియైనది! ఈ మాట చెప్పగా తాత, "నా కెప్పుడో తెలియును" అని నవ్వెను.

తరువాతి తొలకరిలో మేము దుంపతోకూడ ఏడాది బొంగును పెకలించి, పదునైదడుగుల యెడమున మఱియొక గోతిలో పశువుల పెంట వేసి నాటితిమి. వెదురు కొన్ని దశాబ్దముల కొకసారి పూచి, వెదురుబియ్యము రాల్చి మరణించును. అంతవఱకు ముదురును తీసి లేతను కాచినవారికి అది తరుగని పంట.

సోదర విద్యార్థులారా! చేతి కందినది తీసికొనుట సులభము. తీసికొనదగినది యేదో యెఱుగుట విద్య. పాత పొదలో ఈ యేడు తొమ్మిది మొలకలు లేచినవి. వానిని లెక్కపెట్టితిని గాని ముట్టలేదు.