పట్టూ విడుపూ

రెండు వస్తువులను కలిపి ఉంచే మూడవ వస్తువుకు లోకంలో పెద్ద పేరు ఉండదు. తలుపు నగిషీని మెచ్చుకొన్నవారు దాని బందును మెచ్చుకోరు. బండిని చూసినవారు చక్రాన్ని ఇరుసుమీద నిలిపే చీలను చూడరు. తలుపు వ్రేలాడిననాడు, చక్రం ఊడిననాడు మాత్రం అందరి దృష్టీ ఆ చిన్నదాని మీదనే పడుతుంది. అంతకాలం అది చేసిన పని అప్పుడు గుర్తుకు వస్తుంది. మనిషి స్వభావాన్ని గురించి చెప్పేటప్పుడు తెలుగువారు పట్టూ విడుపూ ఉండాలంటారు. ఆ మాట మొదట ఎవరి నోట పుట్టిందో గాని, మనిషికి ఎంత వర్తిస్తుందో ఇనుముకూ అంతే వర్తిస్తుంది.

భిలాయి ఉక్కుపట్టణంలోని క్యాంప్ 1 పేరులోనే దాని పుట్టుక ఉన్నది. 1955 ఫిబ్రవరిలో భారత, సోవియట్ ప్రభుత్వాల మధ్య ఒప్పందం కుదిరి కర్మాగార నిర్మాణం మొదలైనప్పుడు, మట్టి త్రవ్వేవారూ రాయి మోసేవారూ తల దాచుకొన్న శిబిరాలలో అది ఒకటి. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ అక్కడి మొదటి బ్లాస్టు ఫర్నేసును ప్రారంభించారు. పని ముగిసిన పిమ్మట శిబిరం ఎత్తివేయటం లోకరీతి. ఈ శిబిరం మాత్రం ఎత్తలేదు. ఆనాటి శ్రీకాకుళం, విశాఖపట్నం జిల్లాల నుండి వచ్చినవారు విజయనగరంలో బండి ఎక్కి, పార్వతీపురం, రాయగడ, టిట్లాగఢ్‌ల మీదుగా రాయపూర్ చేరి, అక్కడినుండి భిలాయికి వచ్చారు. నాలుగు నెలల పని అనుకొని వచ్చినవారి మనుమలు కూడ అక్కడనే పెరిగి పెద్దవారయ్యారు. తాత్కాలికమనుకొన్నది ఇంతకాలం ఎలా నిలిచిందని అడిగితే, అక్కడివారు ఒకటే చెబుతారు: పాడైనదాన్ని పాడైనట్టు మార్చుకొంటూ వచ్చామని. రేకు పోతే రేకు, గోడ పోతే గోడ.

అటువంటి ఇంటిలోనే ఒక విశ్రాంత కార్మికుడు ఉన్నాడు. తండ్రి మట్టిపనికి వచ్చినవాడు. తాను రైలు పట్టాలు తయారయ్యే మిల్లులో పనిచేసి ఉద్యోగ విరమణ చేశాడు. ఉద్యోగంలో చేరిన ఏడు కొనుక్కొన్న సైకిలు ఈనాటికీ అతని వద్ద ఉన్నది. పగలు, సాయంత్రం, రాత్రి అని మారే మూడు షిఫ్టులకూ అదే సైకిలు. టైర్లు మారాయి, గొలుసు మారింది, జీను ఎన్నిసార్లు మారిందో లెక్కలేదు. ఐనా ఇంటివారందరూ దాన్ని పాత సైకిలనే అంటారు. అతడు నా సైకిలంటాడు.

ఒక వేసవిలో ఆ సైకిలు టక్కుమని చప్పుడు చేయటం మొదలుపెట్టింది. పెడలు పైనుండి క్రిందికి దిగే ప్రతి సారీ, పాదం క్రింద ఏదో జారినట్టయి, మళ్ళీ పట్టు దొరికేది. సైకిలు ఎరిగినవారికి ఆ చప్పుడు అర్థం చెప్పనక్కరలేదు. అది కాటర్ పిన్ను అరిగిన చప్పుడు.

పాత తరహా సైకిళ్ళలో పెడలు అమర్చిన క్రాంకును ఇరుసుతో కలిపేది ఈ పిన్నే. వ్రేలెడు పొడవైనా ఉండదు. మందం సుమారు 9.5 మిల్లీమీటర్లు. ఒక ప్రక్క ఏటవాలుగా చదును చేసి ఉంటుంది. ఆ చదును ఇరుసుమీది చదునుకు ఆనుతుంది. రెండవ కొనకు మరలు ఉంటాయి. వాషరు వేసి నట్టు బిగిస్తారు. తొక్కేవాని బలమంతా పాదం నుండి పెడలుకు, పెడలు నుండి క్రాంకుకు వచ్చి, అక్కడినుండి ఈ పిన్ను ద్వారానే ఇరుసుకు చేరాలి. నిలబడి తొక్కుతూ గట్టు ఎక్కే మనిషి బరువంతా ఒక్క క్షణం దాని మీద ఉంటుంది. ఇంత పని చేసే వస్తువును మెత్తని ఇనుముతో చేస్తారు. అందులోనే అసలు కిటుకు ఉన్నది. మెత్తగా ఉండటంవల్లనే సుత్తిదెబ్బకు అది ఇరుసు చదునుకు సరిగా ఒదుగుతుంది. అరిగితే తానే అరుగుతుంది. ఇరుసు నిలుస్తుంది, క్రాంకు నిలుస్తుంది. కొద్ది రూపాయల పిన్ను పోయి, పెద్ద వస్తువులు రెండూ మిగులుతాయి.

జీవితమంతా ఉక్కు మధ్య గడిపిన ఆ మనిషికి ఈ ఏర్పాటు నచ్చలేదు. ఏడాదికో రెండేళ్ళకో అరిగిపోయే వస్తువును మళ్ళీ మళ్ళీ కొనటం అతనికి అవమానంగా తోచింది. లేత్ పని తెలిసిన స్నేహితుని వద్దకు వెళ్ళి, లారీ కమానుకట్ట ముక్కనొకదాన్ని పిన్నుగా చేయించి, కాల్చి నీటిలో ముంచి గట్టిపరచుకొన్నాడు. వీధి మలుపులో సైకిళ్ళు బాగుచేసేవాడు దాన్ని చేతిలోకి తీసుకొని, ఆకురాయితో ఒకసారి రాచి చూశాడు. ఆకురాయి జారిపోయింది.

"మావయ్యా, ఇది వద్దు. ఇది అరగదు," అన్నాడు.

"అరగకూడదనేరా చేయించాను. అరగని ఉక్కు కోసం మేము నిప్పుల ముందు నిలబడితే, నువ్వు అరిగేదే మంచిదంటావేమిటి?"

"ఇది అరగకపోతే మరొకటి అరుగుతుంది. అరుగుదల ఎక్కడికీ పోదు, మావయ్యా."

వృద్ధుడు వినలేదు. పిన్ను బిగించబడింది. చప్పుడు ఆగింది. అతడు వీధివీధికీ తిరిగి ఆ నిశ్శబ్దాన్ని అందరికీ వినిపించాడు.

ఈ తగవు సైకిలుకే పరిమితం కాదు. పాదాన్ని వాహనానికి కట్టిన ప్రతి చోటా ఇదే తగవు ఉన్నది. భిలాయి ఎండకు ఎంతో దూరాన, మంచుకొండల మీద తిరిగేవారు కాళ్ళకు స్కీలనే పొడవైన పలకలు కట్టుకొంటారు. బూటును పలకకు పట్టి ఉంచే సాధనాన్ని బైండింగు అంటారు. కొండ ఎక్కి దిగేవాని బైండింగు మూడు పనులు చేయాలి. ఎక్కేటప్పుడు బూటు కొనను మాత్రమే పట్టి, మడమను లేవనివ్వాలి. దిగేటప్పుడు మడమను కూడ బిగించి ఉంచాలి. మనిషి పడి కాలు మెలిపడినప్పుడు బూటును పూర్తిగా విడిచిపెట్టాలి. నార్వేలోని టెలిమార్క్ ప్రాంతంలో 1825లో జన్మించిన సోంద్రే నూర్‌హైమ్, చెట్టువేళ్ళను పేని మడమ చుట్టూ కట్టు వేశాడు. దానితో పట్టు వచ్చింది గాని విడుపు రాలేదు. 1937లో అమెరికాలోని హుడ్ పర్వతం మీద కాలు విరిగి ఆసుపత్రిపాలైన యాల్మర్ హ్వామ్ అనే నార్వేవాడు, పడినప్పుడు దానంతట అదే ఊడివచ్చే బైండింగును ఆ మంచం మీదనే ఊహించాడు. కట్టు కట్టించుకొన్న కాలే అతనికి విడుపు విలువ నేర్పింది.

1980లలో ఆస్ట్రియా ఇంజనీరు ఫ్రిట్జ్ బార్తెల్ ఈ సాధనాన్ని మరింత తేలిక చేశాడు. బూటు కొనకు ఇరువైపులా రెండు చిన్న గుంటలు. వాటిలో దిగే రెండు ఉక్కు ముళ్ళు. ఎక్కేవాడు వేసే ప్రతి అడుగుకూ బూటు ఆ ముళ్ళ మీదనే తిరుగుతుంది. ఒక్క పగటి ప్రయాణంలో వేల అడుగులు. గుంటలలో మంచు గడ్డకడుతుంది, ఇసుక చేరుతుంది. ముల్లూ అరుగుతుంది, గుంటా అరుగుతుంది. మడమవద్ద స్ప్రింగు అలసిపోతుంది, ప్లాస్టికు భాగాలు ఎండకూ చలికీ పెళుసెక్కుతాయి, పలకలో దిగిన మరలు వదులవుతాయి. ఇంకొక తరహా బైండింగులో బూటు అంచునే పట్టి ఉంచుతారు. అందులో బూటు ముందుభాగం క్రింద, రాపిడిని తగ్గించే చిన్న పలక ఒకటి ఉంటుంది. అది గీసుకొనిపోతే మార్చవలసిందే. లేకపోతే పడినప్పుడు బూటు తేలికగా ప్రక్కకు జారదు.

ఇటువంటి సాధనం పాడవటమంటే విరిగిపోవటమొక్కటే కాదు. అరిగిన బైండింగు పట్టవలసినచోట విడిచిపెడుతుంది, విడువవలసినచోట పట్టుకొంటుంది. విరిగినది కంటికి కనిపిస్తుంది, ఇది కనిపించదు. అందువల్లనే మనిషి బరువు, ఎత్తు, వయస్సు, నేర్పు, బూటు అడుగు పొడవు చూసి ఎంత బలానికి ఊడిరావాలో లెక్క కట్టి బిగిస్తారు; అప్పుడప్పుడు పరీక్షిస్తారు. ఐనా ఆ మరను మరి రెండు చుట్లు బిగించుకోవటమే మగతనమనుకొనేవారు ఉంటారు. బైండింగు అప్పుడు ఊడదు. పడినప్పుడు బలమంతా ఎముక మీదికి వస్తుంది. క్యాంప్ 1 సైకిలువాడు చెప్పిన మాటే ఇది: అరుగుదల ఎక్కడికీ పోదు.

ఈ సంగతి తన మిల్లు గేటు బయటనే ఉన్నదని ఆ వృద్ధునికి తోచకపోవటం విచిత్రం. భిలాయిలో 1960 నుండి రైలు పట్టాలు తయారవుతున్నాయి. ఆ పట్టాను కాంక్రీటు స్లీపరుకు పట్టి ఉంచేది ఒక వంపు తిరిగిన ఉక్కు క్లిప్పు. ఆ తరహా క్లిప్పును 1950లలో రూపొందించినవాడు పెర్ పాండే-రోల్ఫ్‌సెన్ అనే నార్వే రైల్వే ఇంజనీరు; అతని ఇంటిపేరు నుండే పాండ్రోల్ అనే పేరు వచ్చింది. భారత రైల్వేలలో విరివిగా వాడిన మార్క్ మూడు రకం క్లిప్పు ఒక్కొక్కటి 850 నుండి 1100 కిలోల బలంతో పట్టాను అదిమి ఉంచాలి. ఐతే అది కదలని పట్టు కాదు. చక్రం దొర్లినప్పుడు పట్టా కొద్దిగా అణగుతుంది, లేస్తుంది. క్లిప్పు దానితోపాటు సాగి మళ్ళీ అదుముతుంది. పట్టా క్రింద రబ్బరు మెత్త, క్లిప్పుకూ పట్టా అంచుకూ నడుమ నైలాన్ లైనరు. నలిగేవి, చీలేవి, మార్చబడేవి ఆ రెండే. క్లిప్పును కూడ అప్పుడప్పుడు ఊడదీసి, శుభ్రంచేసి, గ్రీజు పూసి మళ్ళీ ఎక్కిస్తారు. తుప్పుపట్టి బిగుసుకొనిపోయిన క్లిప్పు గట్టిగా ఉన్నట్టు కనిపిస్తుంది గాని, అవసరమైననాడు ఊడిరాదు. ఎన్నో ఏళ్ళు పట్టాలు చేసిన మనిషి పట్టాను చూశాడు, క్లిప్పును చూడలేదు.

సైకిలు ఎనిమిది నెలలు నిశ్శబ్దంగా తిరిగింది. చలికాలం ముగిసేసరికి మళ్ళీ టక్కుమన్నది. ఈసారి పిన్ను తీసి చూస్తే దాని మీద గీత కూడ లేదు. కాని క్రాంకు రంధ్రం గుండ్రదనం పోయి కోడిగ్రుడ్డు ఆకారానికి వచ్చింది. గట్టి పిన్ను ఇరుసుకు ఒదగక అంచులమీద మాత్రమే ఆని, ఆ కొద్దిచోటనే భారమంతా మోపటంవల్ల ఇరుసు చదును మీద మెట్టు పడింది. బాగుచేసేవాడు ఏమీ అనలేదు. పిన్నును గుడ్డతో తుడిచి అతని అరచేతిలో పెట్టాడు. కొత్తదానిలాగే మెరుస్తున్నది.

వృద్ధుడు దాన్ని చాలాసేపు చూశాడు. అతనికి పార్వతీపురం దగ్గరి ఊరిలో తండ్రి కట్టిన ఇల్లొకటి ఉన్నది. అన్నదమ్ములిద్దరికీ సగం సగం. తమ్ముడు అక్కడనే కాపురం ఉన్నాడు. కప్పు పాడై కురుస్తున్నది, తిరిగి వేసుకొంటానని తమ్ముడు అడిగినప్పుడు, నా వాటాలో ఒక్క పెంకు కదలటానికి వీలులేదని ఇతడు అన్నాడు. ఊరితో తనకు మిగిలిన బంధమదొక్కటేననీ, దాన్ని గట్టిగా పట్టుకోవాలనీ అతని ఉద్దేశం. పన్నెండు సంవత్సరాలుగా అతని వాటా చెక్కుచెదరలేదు. తమ్ముడు సంక్రాంతికి పిలవటం మానుకొన్నాడు. తరువాత ఫోను చేయటం మానుకొన్నాడు. పట్టుకొన్నది నిలిచింది, కలిసి ఉండవలసిన రెండూ అరిగిపోయాయి.

ఆ మాట అతడు ఎవరితోనూ అనలేదు. కొత్త ఇరుసు, కొత్త క్రాంకు, మెత్తని కాటర్ పిన్ను వేయించుకొన్నాడు. సైకిలువాడు పిన్ను చదునును ఆకురాయితో రాచి, రెండు పెడళ్ళూ ఒకే వరుసకు వచ్చేదాకా సరిచూసి, సుత్తితో దిగగొట్టి, పానతో నట్టు బిగించాడు. "నాలుగు రోజులు తొక్కి మళ్ళీ తీసుకురండి, మావయ్యా. ఒదిగిన తరువాత ఇంకొకసారి బిగించాలి," అన్నాడు. మొదటి బిగింపు ఏ పిన్నుకూ చాలదు. భారం మోసి కొంచెం లొంగిన తరువాత బిగించినదే నిలుస్తుంది.

ఆ రాత్రి తమ్మునికి ఫోను వెళ్ళింది. క్షేమసమాచారాలు తడబడుతూ సాగాయి. చివరకు అన్న అడిగినది ఒకటే: "వానలు రాకముందే కప్పు దింపించు. నా వైపు కూడ దింపించు. పెంకులకు ఎంత అవుతుందో చెప్పు." అవతలినుండి కొంతసేపు మాట రాలేదు. తరువాత తమ్ముడు, పెంకులు ఇప్పుడెవరూ వేయటం లేదన్నయ్యా, రేకులు వేద్దామన్నాడు. అన్న ఒప్పుకొన్నాడు.

నాలుగవనాడు ఉదయం అతడు సైకిలును నడిపించుకొంటూ మలుపు దగ్గరికి వచ్చాడు. నట్టు పావుచుట్టు తిరిగింది. గట్టి పిన్ను అతని ఇంటి కిటికీలో ఉన్నది, ఏమాత్రమూ అరగకుండా.